శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

ఒక పాఠశాల బాగుగ సాగుచున్నదని విన్నంతనే లోకులు మొట్టమొదట అడుగు ప్రశ్న, అచటి ప్రధానోపాధ్యాయుడు ఎవరని. పేరు చెప్పినవెంటనే రెండవ ప్రశ్న వచ్చును. ఆయన ఎవరి కుమారుడు, ఏ కులమువాడు, ఎంత ఆస్తి గలవాడు అని. పాఠశాల చెడిపోయినదని విన్నప్పుడును ఈ ప్రశ్నలే మరల వచ్చును. మా నూజెండ్ల ప్రాంతమున ఈ మాటలు రచ్చబండ యొద్దను, ఉపాధ్యాయులు కూర్చుండు గదియందును మేము పలుమాఱులు వినియున్నాము. కలవారి ఇంట పుట్టినవాడైనచో పాఠశాలకు పలుకుబడి వచ్చునని కొందఱు, పేదవాడైనచో పేదపిల్లల కష్టము తెలియునని మఱికొందఱు వాదించుచుందురు.

ఈ ప్రశ్న చిన్నది కాదు. కూలివాని కొడుకు రేపు ప్రధానోపాధ్యాయుని కుర్చీలో కూర్చుండదగునా, కలవారి బిడ్డ ఆ కుర్చీలో కూర్చుండి కూలివాని కొడుకును తెలిసికొనగలడా, అను రెండు సంగతులు దీనిలో ఇమిడియున్నవి. వాదములతో దీనిని తేల్చుటకంటె ఒక గొప్ప విద్యాధిపతి జీవితమును పరిశీలించి చూచుట మేలని తలంచి, ఈ యేటి సంచికకు సర్ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి చరిత్రమును ఎన్నుకొంటిమి. వారు మిషను కళాశాలలో చదివినవారు, మిషను కళాశాలలో బోధించినవారు, పిమ్మట రెండు కళాశాలలకు అధ్యక్షులై, తుదకు మద్రాసు విశ్వవిద్యాలయమునకే వైస్‌చాన్సలరు అయినవారు. మతమున వారు బ్రహ్మసమాజస్థులు. ఐనను విద్యాశాల నడుపు విషయమున వారి జీవితము ఎల్ల మతములవారికిని పాఠ్యగ్రంథమువంటిది.

నాయుడుగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. వారిది తెలగ కుటుంబము. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. ఆ వంశమువారికి సైనికవృత్తి పూర్వులనుండి వచ్చినది. ఆ దినములలో భారతీయ సిపాయి అందుకొనగల పెద్ద హోదాలలో సుబేదారు పదవి యొకటి. దానివలన నెలనెలా జీతము వచ్చును, ఊరిలో గౌరవము కలుగును. కాని అది జమీందారీ కాదు, వేల యెకరముల భూమి కాదు. మఱియు ఆ కుటుంబము పండితవంశమును కాదు. ఆ కాలమున కోస్తా జిల్లాలయందు ఇంగ్లీషు చదువులకు ముందుగ వచ్చినవారిలో బ్రాహ్మణ కుటుంబములవారే అధికులు. అట్టి తరగతులలో సిపాయి కొడుకు కూర్చుండుట నాడు సాధారణమైన సంగతి కాదు.

చదువరులు ఇచట ఒక విషయమును గుర్తింపవలెను. నాయుడుగారు కటికపేదలు కారు. కొడుకును దూరదేశమునకు పంపి చదివింపగల శక్తి తండ్రికి ఉండెను. గొప్పవారి చరిత్రములు వ్రాయువారు వారిని వీధిదీపము క్రింద కూర్చుండబెట్టి చదివించుట యొక అలవాటు. మేము అట్లు చేయము. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పినప్పుడే ఒక మనుష్యుని పుట్టుక అతనికి ఏమి ఇచ్చినదో, ఏమి ఇయ్యలేదో మనకు తెలియును.

పుట్టుక వారికి మొదట ఇచ్చినది సంచారము. తండ్రి ఉద్యోగమువలన బాల్యము ఉత్తరదేశమున చాందా పట్టణమునందు గడచెను. నేడు ఆ పట్టణమును చంద్రపూరు అందురు. అచటనే వారు హిందీ, ఉర్దూ, పారసీ భాషలు నేర్చిరి. పిమ్మట తండ్రి హైదరాబాదునకు మాఱగా అచటి ఉన్నత పాఠశాలయందు విద్య సాగెను. ఒక ఊరిలో, ఒక వీధిలో, తన వారి నడుమనే పెరిగిన బాలునికి లోకమంతయు తన వీధివలెనే కనబడును. పలు భాషలవారి నడుమ, పలు మతములవారి నడుమ పెరిగిన బాలునికి అట్లు కనబడదు. ఇతరుల భాషలో మాటలాడుట నేర్చినవాడు ఇతరుల యింటి గడపను దాటుట నేర్చినవాడే. పిమ్మట నాయుడుగారు తమ విద్యాశాలల తలుపులు ఎవరెవరికి తెఱచిరో చూచినప్పుడు, ఆ బాల్యసంచారము మాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

హైదరాబాదునుండి వారు మద్రాసు క్రైస్తవ కళాశాలకు వచ్చిరి. ఆ కళాశాలకు అప్పుడు డాక్టరు విలియము మిల్లరుగారు అధ్యక్షులు. స్కాట్లండు ఉత్తరపు కొననున్న థర్సో పట్టణమున ఒక వర్తకుని కుమారులుగ 1838లో మిల్లరుగారు జన్మించిరి. 1862లో, అనగా నాయుడుగారు పుట్టిన యేటనే, వారు మద్రాసునకు వచ్చిరి. వారు తమ సొంత ధనమును కళాశాల కొఱకును విద్యార్థుల వసతిగృహముల కొఱకును వెచ్చించిన దాత. విద్యార్థులను తరగతి గదిలోనే కాక వసతిగృహమునందును, ఆటస్థలమునందును ఎఱిగి మెలగుట వారి పద్ధతి. సుబేదారు కుమారుడు ఆ వర్తకుని కుమారునియొద్ద ఇంగ్లీషు సాహిత్యముతోపాటు, ఒక కళాశాలాధ్యక్షుడు ఎట్లుండవలెనో కూడ చూచి నేర్చుకొనెను. ఈ విద్య ఏ పుస్తకమునందును లేదు. మంచి ప్రధానోపాధ్యాయునియొద్ద చదివినవారిలోనుండియే తరచుగ మంచి ప్రధానోపాధ్యాయులు వచ్చుచుండుటకు ఇదియే కారణమని మా నమ్మిక.

నాయుడుగారు బి.ఏ. పట్టము పొంది, 1891లో ఎం.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. ఈ నడుమనే వారికి గొప్ప దుఃఖము కలిగెను. 1889లో వారి భార్య మరణించెను. నాటికి వారి వయస్సు ఇంచుమించు ఇరువదియేడు సంవత్సరములే. వారు మరల వివాహమాడలేదు. అప్పటినుండి తెల్లని వస్త్రములనే ధరించిరి. ఆ తెల్లని తలపాగాయు, తెల్లని అంగీయు, పిమ్మట గడ్డమును కలసి వారి రూపము ఆంధ్రదేశమున అందఱికిని పరిచితమయ్యెను. బ్రహ్మసమాజ సిద్ధాంతములయందు వారికి గాఢమైన విశ్వాసము కుదిరెను. దేవుడు ఒక్కడే యనియు, మనుష్యులందఱు ఆయన బిడ్డలే యనియు నమ్మినవాడు పాఠశాలలో ఒక బిడ్డను లోపలను, ఒక బిడ్డను వెలుపలను నిలుపలేడు. వారి జీవితములోని తక్కిన కథయంతయు ఈ ఒక్క మాటనుండి పుట్టినదే.

వారు మొదట మద్రాసున పచ్చయప్ప కళాశాలయందును, పిమ్మట తాము పుట్టిన మచిలీపట్టణముననే నోబిలు కళాశాలయందును ఇంగ్లీషు బోధించిరి. ఈ నోబిలు కళాశాల చరిత్రము మన ప్రశ్నకు చక్కగ సరిపోవును గనుక రెండు మాటలు చెప్పెదము. దానిని స్థాపించిన రాబర్టు నోబిలుగారు ఇంగ్లండున ఒక గురువుగారి కుమారులు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివినవారు. 1841లో మచిలీపట్టణమునకు వచ్చి 1843లో పాఠశాలను తెఱచిరి. విద్యావంతులును అధికారవంతులునైన పెద్ద కులముల పిల్లలకు ముందు చదువు చెప్పినయెడల, ఆ వెలుగు క్రమముగ క్రిందికి దిగునని వారి ఆలోచన. ఇది చెడ్డమనస్సుతో చేసిన ఆలోచన కాదు. వారు తమ జీవితమంతయు ఆ పాఠశాలకే ధారపోసి 1865లో ఇచటనే మరణించిరి. ఐనను పెద్ద చదువులు చదివిన యింటివారు విద్య పైనుండి క్రిందికి పాఱునని తలంచుట సహజము. ఆ తలంపువలన పాఠశాలకు పేరు వచ్చెను, ఉన్నతోద్యోగులు వచ్చిరి. కాని క్రిందనున్నవారు చాలకాలము వేచియుండవలసి వచ్చెను. పాఠశాల బాగుగ సాగినదా అని అడుగుటకు ముందు ఎవరికొఱకు బాగుగ సాగినది అని అడుగవలెనని ఈ చరిత్రము నేర్పుచున్నది.

నోబిలు కళాశాలయందు నాయుడుగారి ప్రభావమునకు లోనైన విద్యార్థులలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారును, ముట్నూరి కృష్ణారావుగారును ఉండిరి. ఒకరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులైరి, ఒకరు కృష్ణాపత్రికకు సంపాదకులై ఆంధ్రదేశమును మేలుకొలిపిరి. గురువుగారి రాజకీయములు వేఱు, శిష్యుల రాజకీయములు వేఱు. గురువు తన అభిప్రాయములను ఒప్పుకొను శిష్యులనే తయారుచేసినచో అది చిలుకలకు పలుకులు నేర్పుటయే యగును. నాయుడుగారి శిష్యులు పలు త్రోవలు పట్టిరి. ఐనను నడవడి విషయమున వారు తమ గురువును మఱవలేదు.

1899లో నాయుడుగారు సికింద్రాబాదున మహబూబు కళాశాలకు అధ్యక్షులై వెళ్ళిరి. అంతకు ఆరేండ్లకు పూర్వము, 1893లో, వివేకానందస్వామి అమెరికాకు పోవుటకు ముందు ఉపన్యసించిన కళాశాల అదియే. అచట తెలుగు, ఉర్దూ, తమిళము మాటలాడు పిల్లలు కలసి చదివెడువారు. బాల్యమున నేర్చిన ఉర్దూ, పారసీ భాషలు ఇట్టి స్థలమున ఎంత అక్కఱకు వచ్చియుండునో చదువరులు ఊహింపగలరు.

పిమ్మట వారు కాకినాడకు వచ్చి పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులైరి. 1919 వఱకు, ఇంచుమించు పదునైదు సంవత్సరములు, ఆ భారమును వహించిరి. ఇదియే వారి జీవితమున ప్రధానఘట్టము. ఆ విద్యాశాల మొదట 1852లో చిన్న పాఠశాలగ ఆరంభమై, పిఠాపురము సంస్థానాధీశుల దానమువలన 1884లో కళాశాలయయ్యెను. నాయుడుగారి కాలమున సంస్థానమును ఏలినవారు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరుగారు. ఈ మహారాజుగారు నాయుడుగారిని గురువుగ భావించి గౌరవించిరి. సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలువడుటకు ధనమిచ్చినది వీరే.

ఈ కలయికను కొంత నిదానించి చూడవలెను. అధ్యక్షునియొద్ద ధనము లేదు. మహారాజునియొద్ద ధనము కలదు. మిల్లరుగారివలె తమ సొంత సొమ్ముతో భవనములు కట్టించు భాగ్యము నాయుడుగారికి లేదు. జీతముమీద బ్రదుకు కుటుంబమున పుట్టినవారు గనుక వారు పాఠశాల కొఱకు ఇతరులను అడుగవలసియుండెను. అడుగువాడు లొంగిపోవుట లోకమున సాధారణము. దాత చెప్పిన పిల్లలను చేర్చుకొనుట, దాతకు ఇష్టములేని పిల్లలను వెలుపల నుంచుట, అట్లు మెల్లమెల్లగ పాఠశాల దాత యింటి వసారాయై పోవుట మనము చూచుచున్నదే. నాయుడుగారి విషయమున ఇది తలక్రిందులయ్యెను. అడిగినవారు తమ కొఱకు ఏమియు అడుగకుండుటచేత దాతయే శిష్యుడయ్యెను. అధ్యక్షులు తమకు వచ్చు జీతములో పెద్ద భాగమును బీదవిద్యార్థులకు ఇచ్చుచుండగా చూచిన మహారాజునకు, తాను ఇచ్చు ధనము ఎచటికి పోవునో సందేహింపవలసిన పని లేకపోయెను. అనాథ బాలబాలికలకు శరణాలయమును, అంటరానివారని త్రోసివేయబడిన కులముల విద్యార్థులకు వసతిగృహమును సంస్థానపు ధనముతో వెలసినవి.

ఆ కాలమున ఒక కళాశాలలో హరిజన బాలుడు ఇతరులతో కలసి బల్లమీద కూర్చుండుట యనగా ఎట్టిదో నేటి విద్యార్థులకు చెప్పినగాని తెలియదు. రుసుము మాఫీచేసినంతమాత్రమున అతడు చదువలేడు. పట్టణమున అతనికి అద్దెకు ఇల్లు దొరకదు, పూటకూటి యింట అన్నము దొరకదు, మంచినీళ్ళ కుండ ముట్టనీయరు. కావున ఇట్టి విద్యార్థికి కళాశాలకంటె ముందు వసతిగృహము కావలెను. నాయుడుగారు ఈ క్రమమును గ్రహించిరి. తలుపు తెఱచుట మాత్రమే కాక, తలుపు దాటి వచ్చినవాడు రాత్రి ఎచట పండుకొనునో, ఉదయమున ఏమి తినునో విచారించిరి. అట్లే బాలురతోపాటు బాలికలను కళాశాలయందు చేర్చుకొనిరి. స్త్రీవిద్యనే తప్పుగ నెంచు పెద్దలు ఊరూర నున్న దినములలో, ఆడుపిల్లలు మగపిల్లలు ఒకే తరగతిలో కూర్చుండుట సాహసకార్యము. తలిదండ్రులు ఆ కళాశాలకు కుమార్తెలను పంపుటకు వారి నమ్మకమంతయు ఆ తెల్లని వస్త్రముల మనుష్యునిమీదనే యుండెను. ఒక అధ్యక్షుని నడవడి పాఠశాల హాజరుపట్టీలో కనబడుననుటకు ఇంతకంటె తార్కాణమేల?

ఇట్లు అందఱిని చేర్చుకొన్నందున కళాశాల స్థితి దిగజాఱినదా? లేదు. వారి కాలమున అది ఆంధ్రదేశపు ప్రసిద్ధ విద్యాస్థానములలో ఒకటిగ పేరొందెను. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు అచట చదివి నాయుడుగారి ప్రభావమును జీవితాంతము మోసిరి. గుడిపాటి వేంకటచలముగారును అచటి విద్యార్థియే. గురువు నిగ్రహమునకు నిలువెత్తు రూపము, ఈ శిష్యుడు కట్టుబాట్లన్నిటిమీద కలముతో తిరుగబడినవాడు. ఇట్టి ఇరువురికిని ఒకే ప్రాంగణము తావిచ్చినది. పరీక్షలలో ఎందఱు గట్టెక్కిరి అనునది పాఠశాలకు ఒక కొలత. ఇరువది ముప్పది యేండ్ల పిమ్మట ఆ విద్యార్థులు దేశమున ఏమైరి అనునది మఱియొక కొలత. నాయుడుగారి కళాశాల రెండవ కొలతకును నిలిచినది.

1919లో వారు కాకినాడ కళాశాలనుండి విశ్రమించిరి. 1924లో ప్రభుత్వము వారికి సర్ బిరుదమును ఇచ్చెను. 1925 మొదలు 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరుగా నుండిరి. ఒకప్పుడు గురువైన మిల్లరుగారు అధిష్ఠించిన పీఠమునే శిష్యుడు అధిష్ఠించుట విశేషము. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనము అమలులోనికి రాగా, ఆ విశ్వవిద్యాలయము 1927లో వారికి గౌరవ డాక్టరు పట్టమును ఇచ్చెను. జనులు వారిని బ్రహ్మర్షి యని పిలిచిరి. 1939వ సంవత్సరము మే 26వ తేదీన, డెబ్బదియారు సంవత్సరముల వయస్సున, వారు పరమపదించిరి.

చరిత్రమును చెప్పితిమి. ఇక మొదటి ప్రశ్నకు రావలెను. నాయుడుగారి పుట్టుపూర్వములకును వారి కళాశాలల బాగునకును సంబంధము కలదా? కలదనియే మేము చెప్పుదుము. సైనికుని యింటనుండి క్రమశిక్షణయు కాలనియమమును వచ్చినవి. ఊరూర తిరిగిన బాల్యమునుండి భాషలును, పరులయెడ జంకులేమియు వచ్చినవి. పండితవంశమున పుట్టకపోవుటచేత, చదువు ఒక కులమువారి సొత్తు కాదని తమ జీవితముతోనే చూపగలిగిరి. జీతముమీద బ్రదికిన కుటుంబము గనుక రూపాయి విలువ తెలిసెను. కాని హరిజన బాలుని బాధ వారికి పుట్టుకవలన తెలిసినది కాదు. ఆడుపిల్లల నిర్బంధము పుట్టుకవలన తెలిసినది కాదు. అనాథల ఆకలి అట్లే. వీనిని వారు వెదకి తెలిసికొనిరి. వారి పుట్టుకకు అందని ఈ చోటులయందే వారి పనిలో మిక్కిలి గొప్ప భాగము జరిగినది.

వారి పనిలో లోపములు లేవని మేము చెప్పము. వారి నీతినియమము మిక్కిలి కఠినము. భోగముమేళములను మానిపింపవలెనని వారు చేసిన ఉద్యమమువలన ఒక దురాచారము తగ్గినమాట నిజమే. ఐనను ఆ ఆటపాటలనే నమ్ముకొనిన స్త్రీల జీవనము ఏమగునను ప్రశ్నకు ఆ కాలపు సంస్కర్తలు చాలినంత సమాధానము చెప్పలేదని పిమ్మటివారు వ్రాసిరి. ఆ మాటలో న్యాయము కలదు. ఎంతటి గొప్పవానికైనను తాను నిలుచున్న చోటినుండి కనబడని ప్రక్క ఒకటి యుండును.

మన ప్రాంతమున మఱియొక విధపు నిదర్శనములు కలవు. పల్నాటికి విద్యను తెచ్చిన మిషనరీలలో మొదటివారైన హయ్యరుగారు, తోలువస్త్రములు కుట్టు వృత్తిగల ఒక జర్మను కుటుంబమున 1793లో పుట్టిరి. బాలుడుగనే అమెరికాకు పోయి మేనమామ దుకాణమున ఆ పనియే నేర్చిరి. వారు 1842లో గుంటూరునకు వచ్చి, 1849లో గురజాలయందు నిలిచి పనిచేసిరి. వారును, కేంబ్రిడ్జి చదివిన నోబిలుగారును ఒకే కాలమున, ఒకే తీరదేశమున పనిచేసినవారు. ఐనను హయ్యరుగారి త్రోవ పట్టణమును విడిచి పల్నాటి పల్లెలకు పోయెను. ఇక మన వినుకొండయందే 1895లో పుట్టిన గుఱ్ఱము జాషువగారు మిషను పాఠశాలలలో ఉపాధ్యాయులై, గుంటూరు లూథరను ఉపాధ్యాయ శిక్షణశాలయందు బోధించిరి. పాఠశాలాధిపత్యము వారికి రాలేదు. కులమువలన వారు పడిన అవమానములు వారి కావ్యములలో నిలిచియున్నవి. అట్టి మనుష్యుడు ఒక పెద్ద విద్యాశాలకు అధ్యక్షుడై యుండినచో ఏమి జరిగియుండునో మనము ఎన్నటికిని ఎఱుగము. పుట్టుకనుబట్టి కుర్చీలు పంచు సంఘమునకు కలుగు నష్టము ఇట్టిది. అది లెక్కలలో కనబడదు.

విద్వాంసులు ఈ ప్రశ్నను లెక్కలతోను పరీక్షించిరి. 1966లో అమెరికాయందు కోల్మనుగారు ఇంచుమించు ఆరు లక్షల విద్యార్థులను పరిశీలించి, పిల్లవాని చదువుమీద పాఠశాల భవనములకంటె అతని యింటి స్థితిగతుల బలమే అధికమని తేల్చిరి. ఇది విని చాలమంది ఉపాధ్యాయులు నిరాశపడిరి. కాని 2004లో అచటనే వెలువడిన మఱియొక పరిశీలన, పాఠశాలలోనున్న కారణములలో తరగతి బోధనకు తరువాత నాయకత్వమే ముఖ్యమని చెప్పినది. మన దేశమున పశ్చిమ బెంగాలునందు, స్త్రీలకు కేటాయింపువలన వరుసగ రెండుమాఱులు మహిళలే పంచాయతి అధ్యక్షులైన గ్రామములలో, ఆడుపిల్లల చదువు మగపిల్లల చదువుతో సమానమైనదని 2012లో ప్రకటించిరి. ఆ అధ్యక్షురాలు పాఠశాల నడుపునది కాదు, పాఠము చెప్పునది కాదు. ఆమె ఆ కుర్చీలో కూర్చుండి కనబడుటయే ఊరి ఆడుపిల్లకు ఒక పాఠమయ్యెను.

మా అనుభవమునుండి ఒక సంగతి చెప్పి ముగించెదము. మన మెట్ట గ్రామములలో మిరపకాయల కోత పరీక్షల ముందరనే వచ్చును. తలిదండ్రులు కోతకు పోవుదురు. పెద్దపిల్లలు వెంబడి పోవుదురు, లేనిచో ఇంట చంటిపిల్లలను చూచుచుందురు. తరగతిలో బల్లలు ఖాళీ యగును. చాలయేండ్ల క్రిందట ఒక పాఠశాలయందు మేము పనిచేయుచుండగా, చురుకైన బాలిక యొకతె ఇట్లే మూడు వారములు రాలేదు. ఆమెకు చదువుమీద శ్రద్ధ లేదని హాజరుపట్టీ ప్రక్కన మేమే వ్రాసితిమి. అప్పటి ప్రధానోపాధ్యాయులు కూలికుటుంబమునుండి వచ్చినవారు. వారు ఆ వ్రాత చూచి ఏమియు అనలేదు. మఱునాడు ప్రొద్దుననే మమ్ము వెంటబెట్టుకొని మిరపచేనికి తీసికొనిపోయిరి. ఆ బాలిక చేతులు కాయల ఘాటుచేత మండుచుండెను. వారు తండ్రితో మాటలాడి, కోత ముగియువఱకు సాయంకాలము దీపములు పెట్టిన పిమ్మట మేము ఆ వీధిలోనే పాఠము చెప్పునట్లు ఏర్పాటుచేసిరి. ఆ యేడు ఆ వీధి పిల్లలందఱు పరీక్షకు కూర్చుండిరి. ఆ బాలిక నేడు ఉపాధ్యాయిని. ఆ హాజరుపట్టీలో మేము వ్రాసిన వ్రాత జ్ఞప్తికి వచ్చినప్పుడెల్ల నేటికిని మేము సిగ్గుపడుచుందుము.

ఇంతటితో ఆగినచో పేదయింట పుట్టినవాడే మంచి ప్రధానోపాధ్యాయుడని తేలును. కాని అట్టి కుటుంబమునుండియే వచ్చిన మఱియొకరిక్రింద పిమ్మట మేము పనిచేసితిమి. తాము పడిన కష్టమునే ప్రతి పిల్లవాడును పడవలెననియు, పడలేనివాడు చదువునకు తగడనియు వారి మతము. వారి కాలమున కోతల దినములలో రానివారి పేర్లు కొట్టివేయబడెను. వీరికిని మిరపచేను తెలియును. తెలియుట చాలదు. తెలిసినదానిని మఱవకుండుట, దానితో ఏమి చేయవలెనో నిశ్చయించుట, ఈ రెండును వారి వారి మనస్సున జరుగవలసిన పనులు. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చిన పద్ధతులలో ఈ పని లేదు.

ప్రియవిద్యార్థులారా, మీలో కొందఱు రేపు ఉపాధ్యాయులగుదురు, కొందఱు పాఠశాలలకు అధిపతులగుదురు. మీ తండ్రి కూలివాడైనచో మీకు ఒక విద్య ఇంటనే వచ్చియున్నది. ఖాళీబల్ల ఎందులకు ఖాళీగనున్నదో మీకు ఒకరు చెప్పనక్కఱలేదు. దానిని దాచుకొనక వాడుడు. మీ తండ్రి కలవాడైనచో మీకు జంకులేని మాటయు, పెద్దలయొద్ద పలుకుబడియు వచ్చియున్నవి. వానిని మీ కొఱకు గాక, అడుగలేని పిల్లవాని కొఱకు అడుగుటకు వాడుడు. సుబేదారు కుమారుడు తనకు పుట్టుక ఇచ్చినదానిని తీసికొని, ఇయ్యనిదానిని వెదకి సంపాదించెను. మన పాఠశాల హాజరుపట్టీలో ఈ యేడు కోతల దినములలో ఎన్ని సున్నలు పడునో, ఆ సున్నల వెంట ఎవరు నడచి చేనివఱకు పోవుదురో, ఉపాధ్యాయులమైన మేమును మీరును కలసి చూచుకొందము.